సన్నబడితే అనుమానించే ఊళ్లో జిమ్ మాస్టరు

జిమ్ పెట్టాలనుకునే కుర్రవాళ్లు ఈ మధ్య నా దగ్గరికి వస్తున్నారు. ఏ కంపెనీ మిషన్లు కొనాలి, అద్దాలు ఎంత ఎత్తున పెట్టాలి, ప్రొటీన్ డబ్బాలు అమ్మితే గిట్టుబాటు అవుతుందా అని అడుగుతారు. నాకు అవేవీ తెలియవు. ఎనభైలలో, తొంభైలలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఊళ్లలో వ్యాయామం నేర్పించి రిటైరైన వాణ్ణి. మా కాలంలో బరువులంటే లేతు మిషన్ షాపులో కోయించిన ఇనుప చక్రాలు, పాత ట్రాక్టరు విడిభాగాలు. వాటితో ఎవరికీ చెమట తక్కువ పట్టలేదు.

నాకు తెలిసింది ఒక్కటే. వ్యాయామం నేర్పడం ఈ పనిలో చిన్న భాగం. ఇవాళ వచ్చిన మనిషిని రేపు కూడా రప్పించడమే అసలు పని. కండలు పెంచాలనుకునే కుర్రవాడిని మనం పిలవనక్కరలేదు, అద్దమే పిలుస్తుంది. బరువు తగ్గాలనుకునే మనిషికి అదే అద్దం పొమ్మని చెబుతుంది. అలాంటివాడిని నెలల తరబడి నిలబెట్టగలిగితేనే మీరు మాస్టరు.

నా గురించి కొంచెం చెప్పాలి. గరిడేపల్లి దగ్గర మాకు ఒకప్పుడు గడి, అంటే కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. భూములు కొన్ని చట్టం తీసుకుంది, కొన్ని వ్యాజ్యాలు తిన్నాయి, మిగిలినవి మా చిన్నాయన పేక ముక్కల కింద పెట్టాడు. నా చదువు ముగిసేసరికి గడిలో పావురాలు కాపురం చేస్తున్నాయి. నేను ఈ వృత్తిలోకి వెళ్తానంటే బంధువులు నొచ్చుకున్నారు. మన ఇంటివాళ్లు ఊరివాళ్ల బొజ్జలు చూసుకుంటూ బతకాలా అన్నారు. బతకడంలో చిన్నతనం లేదు, ఒంగి బతకడంలో ఉంది అన్నాను. జిమ్‌లో ఎవరైనా చిటికె వేసి పిలిస్తే నేను తల తిప్పేవాణ్ణి కాదు. పేరుకు 'గారు' చేర్చి పిలిస్తే ఎంత దూరంలో ఉన్నా వెళ్లేవాణ్ణి. నేను అందరినీ అలాగే పిలిచాను, హమాలీనైనా సరే. ఆ బిగువు ఈ పనికి అడ్డు కాలేదు. పైగా చాలా ఉపయోగపడింది. ఎలాగో నాగభూషణం గారి సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

మెట్లెక్కి వచ్చిన మనిషి

నాగభూషణం గారికి మిర్యాలగూడలో రైసు మిల్లు ఉండేది. ఊరంతా ఆయనను సేటు అనేది. అప్పటికి నేను అక్కడ ఒక గోదాము మేడ మీద జిమ్ నడుపుతున్నాను. కింద తవుడు బస్తాలు, పైన మేము. ఎండాకాలంలో శ్వాస తీస్తే సగం తవుడే వెళ్లేది.

ఒక పొద్దున ఆయన మెట్లెక్కి వచ్చారు. వచ్చారనడం సులభం. నాలుగు మెట్లకోసారి ఆగారు, పైకి చేరి బెంచీ మీద కూర్చొని చాలాసేపు చేత్తోనే మాట్లాడారు. చేతికి ఊపిరి అవసరం లేదు కదా. మాట వచ్చాక మొదట అన్నది ఇది.

"మాస్టరుగారు, డాక్టరు నన్ను కోయనంటుండు. జర కోతకు పనికొచ్చేటట్టు చేయాలె."

సంగతి ఏమిటంటే, ఆయన పిత్తాశయంలో రాళ్లున్నాయి. నెయ్యి తిన్న రాత్రి నొప్పితో మెలికలు తిరిగిపోయేవారు. ఆపరేషన్ చేయాలి. ఇంత శరీరానికి మత్తు ఇవ్వడం ప్రమాదమని, ముందు బరువు తగ్గి రమ్మని డాక్టరు వెనక్కి పంపాడు. మరోవైపు వానాకాలం పంట ముంచుకొస్తోంది. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలైతే ట్రాక్టర్లు మిల్లు ముందు బారులు తీరతాయి. అప్పుడు సేటు మంచం మీద ఉంటే ఆ ఏడాది మిల్లు నడవదు. కాబట్టి పంట వచ్చేలోపు తగ్గాలి, కోయించుకోవాలి, లేచి నిలబడాలి.

మా జిమ్‌లోని తూకం మిషన్ మీద ఆయన నిలబడితే ముల్లు చివరికి వెళ్లి ఇక కదలనంది. అందుకని ఆదివారం, హమాలీలు లేని రోజు చూసి, ఆయన మిల్లులోనే వడ్ల బస్తాలు తూచే కాంటా మీద నిలబెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నారు. నేను చూసింది ఆయనకు చెప్పలేదు. మీరు కూడా మొదటి రోజు చెప్పకండి. ఆ అంకె మనిషికి కావలసింది కాదు, మాస్టరుకు కావలసింది.

ఉస్తాద్ దగ్గర నేర్చింది

మొదటి రోజు సేటుగారు ఉత్సాహంగా ఉన్నారు. ఎన్ని చెబితే అన్ని చేస్తానన్నారు. గోడకు చేతులానించి కొన్ని దండీలు, కుర్చీలో కూర్చొని లేవడం కొన్ని చేయించి ఇంటికి వెళ్లమన్నాను. ఆయన నొచ్చుకున్నారు. గింతేనా, నేను ఇంకా చేస్తనన్నారు. రేపు చేద్దురు గాని అన్నాను.

ఇది నా తెలివి కాదు. సూర్యాపేటలో నాకు పని నేర్పిన యాకూబ్ ఉస్తాద్‌ది. ఆయన తాలీంలో కుస్తీ పట్టి పెరిగినవాడు, చెవులు నలిగి అప్పడాల్లా ఉండేవి. నేను చేరిన కొత్తలో ఒక బట్టల షాపు యజమానికి మొదటి రోజే గంటకు పైగా కసరత్తు చేయించి గొప్పగా నిలబడ్డాను. మర్నాడు ఆ మనిషి రాలేదు. ఆ తరువాత అసలే రాలేదు. బజార్లో ఎదురైతే అవతలి పక్కకు దాటేవాడు.

ఉస్తాద్ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "దొరబిడ్డా, మొదటి దినమే ఉరికేటోనికి రెండో దినం కాళ్లుండవ్. ఇంక చేస్తనని గునుస్తుంటెనే ఇంటికి తోలాలె. గా గునుపే రేపు తోలుకొస్తది."

ఆయన నన్ను దొరబిడ్డా అనడంలో వెక్కిరింత ఉండేది. మొదట్లో నాకు మండేది. నాలుగు నెలలయ్యాక ఆ పిలుపులోని వెక్కిరింత తగ్గి వాత్సల్యం పెరిగింది. నేనూ పట్టించుకోవడం మానేశాను. జీవితంలో చిటికె వేసి పిలిచినా నేను తల తిప్పింది ఆయనొక్కడికే.

సేటుగారు మర్నాడు వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. గుంజీలు తీస్తూ అంకెలు పైకి లెక్కపెట్టుకోమన్నాను. ఆయన "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టారు. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. నలభై ఏళ్ల అలవాటు నోటిని వదలలేదు. వారం తిరక్కముందే పక్కన డంబెల్స్ ఎత్తే కాలేజీ కుర్రవాళ్లు కూడా లాభంతోనే మొదలుపెట్టడం చూశాను. జిమ్ అంతా మార్కెట్ యార్డులా మారింది. మనసారా నవ్వుకున్న రోజులవి.

కదలని కాంటా

నెలన్నర గడిచాక బరువు తగ్గడం ఆగిపోయింది. ఇది అందరికీ జరుగుతుంది, మీ దగ్గరికి వచ్చే ప్రతి మనిషికీ జరుగుతుంది. చాలామంది ఇక్కడే మానేస్తారు. సేటుగారు కాంటా మీది నుంచి దిగి, బస్తా మీద కూలబడి, నెయ్యి ముట్టక గిన్ని దినాలాయె, దీనికన్న ఆ నొప్పే నయమన్నారు.

నేను అప్పుడు కోదాడ మాట చెప్పాను. మిర్యాలగూడకు రాకముందు కోదాడలో ఒకరి జిమ్‌లో జీతానికి పనిచేశాను. ఆ యజమాని ఒక ఘనకార్యం చేశాడు. చేరినవాళ్లందరికీ బనియన్లతో ఫోటోలు తీయించి, తగ్గాక పక్కన ఇంకో ఫోటో పెడతానని గోడకు అంటించాడు. రెండో ఫోటో దిగేదాకా ఒక్కరు కూడా మిగల్లేదు. తన బొజ్జ ఊరందరికీ చూపించిన చోటికి ఎవరు తిరిగి వస్తారు? సిగ్గుతో మనిషిని రప్పించవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. సిగ్గు మనిషిని దాచిపెడుతుంది అంతే.

కానీ అక్కడే ఆడవాళ్ల బ్యాచికి సరళ అనే టీచరు వచ్చేది. రెండు నెలలు వచ్చినా ఆమె బరువు వీసమెత్తు కూడా తగ్గలేదు. ఇక మానేస్తుందని నేను అనుకుంటుండగా ఒకనాడు నవ్వుకుంటూ వచ్చింది.

"మాస్టారూ, కాటా అయితే కదల్లేదండీ. కానీ ఇవాళ పదో తరగతి మేడ మధ్యలో ఆగకుండా ఎక్కేశాను. పిల్లలు కేకలు ఆపేలోపే క్లాసులో ఉన్నాను. ఇది కూడా లెక్కలోకొస్తుందాండీ?"

ఇదే లెక్కలోకొస్తుందని చెప్పాను. ఆనాటి నుంచి నేను ఎవరినీ బరువు గురించి అడగలేదు. నిన్న చేయలేనిది ఇవాళ ఏం చేశారని అడిగాను.

సేటుగారిని అదే అడిగాను. ఆయన పీట మీద బాసింపట్టు వేసుకొని పూజ చేస్తున్నానని, నిరుడంతా కుర్చీలో కూర్చొని చేశానని అన్నారు. అన్నాక ఆయనకే ఆశ్చర్యం కలిగింది. మర్నాడు వచ్చారు. కాంటా కూడా కొన్నాళ్లకు కదిలింది.

ఊరికి వచ్చిన అనుమానం

కష్టం ఇక్కడే మొదలైంది. వినాయక చవితి నాటికి సేటుగారి ముఖం దిగింది, మెడ కనిపించడం మొదలైంది. ముందుగా ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు నన్ను ఇంటికి పిలిపించారు. మంచినీళ్లిచ్చి మర్యాదగానే మాట్లాడారు గాని, ఆ మర్యాద వెనక కోపం ఉంది.

"మాస్టరుగారు, మా ఇంటాయన గిట్ల బక్కగైతే నలుగురు ఆయననంటరా, నన్నంటరు. పెండ్లాం బువ్వ పెడుతలేదంటరు. ఇగ సాలు ఆపుండ్రి."

నొప్పి వచ్చిన రాత్రుల సంగతి గుర్తుచేశాను. అది దేవుడిచ్చిందని, ఇది నేను చేస్తున్నదని ఆమె అన్నారు. నేను లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను. భర్తకు మానమని చెప్పే హక్కు ఆమెకుంది, నాకు లేదు.

ఆమె మాట ఇంట్లోదే. ఊరి మాట అంతకన్నా చేటు చేసింది. మిర్యాలగూడలో అప్పట్లో మిల్లు యజమాని బొజ్జంటే మిల్లు బోర్డు లాంటిది. అది ముందుకు పొడుచుకొని ఉంటే వ్యాపారం బాగున్నట్టు. లోపలికి పోతే ఏదో పోయినట్టు. కాంటా మీద ఆయన నిలబడడం ఏ హమాలీ కంటో పడింది. సేటు తనను తానే తూకం వేసుకుంటున్నాడన్న మాట బజారుకెక్కింది. పెద్ద జబ్బన్నారు కొందరు. మిల్లు మునిగి దిగులుతో చిక్కిపోతున్నాడన్నారు ఇంకొందరు. ఏటా ఆయనకే వడ్లు వేసే పాలకీడు రైతు సైదులు, ఈసారి వేరే మిల్లు చూసుకుంటున్నాడని కబురొచ్చింది. సేటు కరుగుతుంటే మిల్లు కూడా గట్లనే కరుగదా అన్నాడట.

ఆ సాయంత్రం సేటుగారు జిమ్‌కు వచ్చి బట్టలు కూడా మార్చుకోలేదు.

"లావున్నప్పుడు వడ్ల బస్తా అని నవ్విండ్రు. సన్నబడితే మిల్లు మునిగిందంటుండ్రు. నేనేం కావాలె మాస్టరుగారు? ఆపరేషనయ్యేనాటికి నా మిల్లు ముంగట కుక్క కూడ ఉండేటట్టు లేదు. రేపటి సంది నేను రాను."

ఆయన మాటలో తప్పు లేదు. రాళ్లతో బతకవచ్చు, మిల్లు లేకుండా ఆయన బతకలేరు. మామూలు మాస్టరైతే ఆరోగ్యం ముఖ్యమని ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆ ఉపన్యాసం ఏ రోజూ ఎవరినీ మెట్లెక్కించలేదు. నేను ఆయనను ఎగాదిగా చూశాను. అప్పుడు నాకు మా నాయన కనిపించాడు.

మా ఇల్లు పడిపోయిందని ఊరికి కోర్టు తీర్పు వల్ల తెలియలేదు. మా నాయన మెడ చుట్టూ వదులైన షేర్వానీ కాలరు వల్ల తెలిసింది. దిగులుతో చిక్కిన మనిషి మంచిరోజుల్లో కుట్టించిన బట్టల్లో తిరిగాడు. పోయినదంతా ఆ వదులులో వేలాడుతూ కనిపించేది. అది చూసినవాళ్లు నమస్కారం పెట్టడం ముందు తగ్గించారు, తర్వాత మానేశారు. నాయన పోయాక నేను మొదట చేసిన పని నా ఒంటికి సరిపోయే రెండు జతల బట్టలు కుట్టించుకోవడం. ఉన్నవి రెండు జతలే అయినా అప్పటి నుంచి నన్ను చూసి ఎవరూ అయ్యో అనలేదు.

సేటుగారి ఒంటి మీద లాల్చీ భుజాలు జారి మోచేతుల దాకా వచ్చాయి. ధోవతి రెండు చుట్లు ఎక్కువ తిరిగింది. ఊరు చూస్తున్నది తగ్గిన బొజ్జను కాదు, వదులైన బట్టను.

"ఈ లాల్చీ ఎవరిది?" అని అడిగాను.

"నాదే."

"కాదు. మీరు ఇంకొకరి బట్టల్లో తిరుగుతున్నారు. ఆ మనిషి ఎటు పోయాడని ఊరు అడుగుతున్నది."

బస్టాండు దగ్గరి దర్జీ షాపుకు ఇద్దరం నడిచే వెళ్లాం. నడవడం నా షరతు. కొత్త కొలతలిచ్చి తెల్ల చొక్కాలు, ప్యాంట్లు కుట్టించుకోమన్నాను. సేటుగారికి పెళ్లి తర్వాత ప్యాంటు ఇదే మొదలు. దర్జీ టేపు చుడుతుంటే ఆయన నా చెవిలో అడిగారు.

"రెండు జతలు సాలు గదా? మళ్ల లావైతే?"

పాత బట్టలు ఏం చేస్తారని అడిగాను. ఇనుప పెట్టెలో భద్రంగా పెడతానన్నారు. ఆ పెట్టె ఇంట్లో ఉన్నంతకాలం తిరిగి వెళ్లే దారి తెరిచే ఉంటుందని, ఎవరికైనా ఇచ్చేయమని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. మంచి గుడ్డ అన్నారు. ఇంటి పెట్టె గురించి రెండోసారి మాట్లాడడం నా మర్యాదకు సరిపడదు. వదిలేశాను. కానీ మీకు చెబుతున్నాను, బరువు తగ్గే మనిషి దాచుకునే పాత బట్టలు ఏ మిఠాయి కన్నా ప్రమాదం.

మాట తిరిగింది

కొత్త బట్టల్లో, చొక్కా లోపలికి దోపుకొని సేటుగారు మిల్లు గేటు ముందు నిలబడ్డారు. నిటారుగా నిలబడడం నేను అంతకుముందే నేర్పించాను. మడమలు నేలకు, భుజాలు వెనక్కి, చూపు ఎదురుగా. మూడో రోజుకల్లా బజారు మాట మారింది. సేటు మునిసిపాలిటీకి నిలబడుతున్నాడట. లేకపోతే ఈ వయసులో ఇన్‌షర్టు ఎందుకు? కొందరు ముందు జాగ్రత్తగా నమస్కారాలు పెట్టడం మొదలుపెట్టారు. జబ్బు మాట ఎటు పోయిందో ఎవరికీ గుర్తు లేదు.

ఇంట్లో మాత్రం కొత్త గొడవ. రాజ్యలక్ష్మి గారి ఆడబిడ్డ, మా అన్న ఇంత సోకు ఎవరి కోసం చేస్తున్నాడని అడిగిందట. మర్నాడు రాజ్యలక్ష్మి గారు స్వయంగా జిమ్ మెట్లెక్కి వచ్చారు. లోపల తవుడు వాసన, చెమట వాసన, గుంజీలు తీస్తూ లాభం, రెండు, మూడు అంటున్న తన భర్త. ఆమె గుమ్మంలోనే కాసేపు నిలబడి చూశారు. ఆయన ఆగకుండా ముగించి, అలసట లేకుండా ఆమె దగ్గరికి నడిచి వెళ్లారు.

ఆమె భర్త వైపు కాక నా వైపు తిరిగారు. నాతో అన్నారు. "పెండ్లి సూపులప్పుడు గిట్లనే ఉండె."

అని కొంగు సర్దుకొని వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి వాళ్లింట్లో మిగతావాళ్ల పప్పులో కూడా నెయ్యి ఆగిపోయిందని తర్వాత తెలిసింది.

దసరా ముందు ఆపరేషన్ జరిగింది. డాక్టరు ఏ సందేహమూ లేకుండా చేశాడు. కొన్నాళ్లు బరువులు ముట్టవద్దన్నాడు. నాకు అసలు భయం అప్పుడే. మంచం, పలకరింపులు, పలకరించేవాళ్లు తెచ్చే మిఠాయిలు, ఆ వెంటనే తిండికి వేళాపాళా లేని పంట కాలం. ఎందరో ఇలాంటి రెండు నెలల్లో మొత్తం పోగొట్టుకోవడం చూశాను. పెట్టెలో పాత లాల్చీలు ఎదురుచూస్తూనే ఉన్నాయి.

కోతలు జోరుగా సాగుతున్నప్పుడు ఒక పొద్దున మిల్లుకు వెళ్లాను. గేటు నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్లు. వరుసలో సైదులు ట్రాక్టరు కూడా ఉంది. నన్ను చూసి కొంచెం సిగ్గుపడి, మా సేటును వదిలి ఎటు పోత దొరా అన్నాడు. సేటుగారు కాంటా పక్కన తెల్ల చొక్కాలో నిటారుగా నిలబడి బస్తాలు చూసుకుంటున్నారు. దూరం నుంచే నమస్కారం పెట్టి, పని వదిలి రాలేనన్నట్టు చెయ్యి చూపారు. బాగానే కనిపించారు. అయినా నా అనుమానం పోలేదు.

ఇంజను గదిలోకి తొంగి చూశాను. ఇంజను నడిపే మల్లయ్య నూనె చేతులు తుడుచుకుంటున్నాడు. చేతిలో ఉన్నది మామూలు పాత గుడ్డ కాదు. పట్టులా మెరిసే మేలురకం బట్ట. దానికి ఒక జేబు కూడా ఉంది. గోడకు కొట్టిన మేకు మీద అలాంటివే ఇంకా చాలా వేలాడుతున్నాయి.

"ఇవెక్కడివి మల్లయ్య గారూ?"

"సేటమ్మ పెట్టె ఇప్పి అన్నీ సింపి పంపింది సారు," అన్నాడు మల్లయ్య. "మస్తు పెద్ద లాల్చీలు. ఒక్కటి సింపితే మిల్లు మొత్తం తుడువొచ్చు."